అక్క కళ్లకు నేను చేసిన అద్దాలు

కళ్లద్దాల దుకాణంలో పనిచేసేవాడికి అందరూ మర్యాద ఇస్తారు. ఇవ్వక ఏం చేస్తారు? గడ్డం పట్టుకుని తల అటూ ఇటూ తిప్పుతూ ముక్కు మీద ఫ్రేము సర్దుతుంటే ఎంత మొనగాడైనా నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. జనగామలో పదిహేనేళ్లుగా నా పని అదే. ఆ మర్యాద మెల్లగా నా నెత్తికెక్కింది. ఎంతలా అంటే, నన్ను చంకనెత్తుకుని పెంచిన మా అక్క "తమ్మీ, నాకు సక్కగ కనబడ్తలేదు" అని ఫోన్ చేస్తే, "కనబడ్తది అక్కా, నువ్వే సక్కగ చూస్తలేవు" అని జవాబిచ్చేంతగా.

ఆ మాట అన్నందుకు నన్నెవరూ తిట్టలేదు. అక్క అసలే తిట్టలేదు. తిట్టి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు.

మా దుకాణానికి మూడు ఊళ్లలో కొట్లు ఉన్నాయి. పెద్దది జనగామలో, మిగతావి మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో. యజమానిని అందరం సేటు అంటాం. మొదట్లో మా కంటి పరీక్ష పాతకాలపు పద్ధతిలోనే సాగేది. చీకటి గది, గోడ మీద అక్షరాల పలక, ముక్కు మీద బరువైన ఇనుప ఫ్రేము, పెట్టెలో వరసగా గుండ్రటి గాజుబిళ్లలు. ఒక బిళ్ల పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి అడగాలి: "గిది మంచిగున్నదా, గది మంచిగున్నదా?" ఒక్కో మనిషికి ఇరవై నిమిషాలు పట్టేది. కొడకండ్ల నుంచి వచ్చిన ఒక రైతు నన్ను నొప్పించడం ఇష్టం లేక ప్రతిదానికీ "రెండూ మంచిగనే ఉన్నయి సారూ" అనేవాడు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చిన ఒక టీచరమ్మ "మొదటిది మళ్లీ చూపించు, నువ్వు మార్చినవ్, నేను చూసిన" అని నాతో జగడం పెట్టుకుంది. విసుగొచ్చేది. కానీ ఆ విసుగులోనే పని అయ్యేది. చివరికి ఆ మనిషే చెప్పేవాడు ఏది బాగుందో. చూసేది తను కదా.

తర్వాత మిషన్ వచ్చింది.

దాన్ని వేవ్‌ఫ్రంట్ మిషన్ అంటారు. ఇంటర్‌లో భౌతికశాస్త్రం పుస్తకంలో తరంగాగ్రం అని చదువుకున్న మాట అదే. అప్పుడు పరీక్ష కోసం బట్టీపట్టాను, అది ఒకరోజు వ్యానులో నా పక్కన కూర్చుని మూడు జిల్లాలు తిరుగుతుందని అనుకోలేదు. సోమ, మంగళవారాలు జనగామలో, బుధ, గురువారాలు మహబూబాబాద్‌లో, శుక్రవారం భూపాలపల్లిలో. మూడు కొట్లకూ ఒకటే మిషన్, ఒకటే మనిషిని నేను. దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు దుప్పట్లో చుట్టి ఎక్కించేవాణ్ణి. మా ఇంట్లో కూడా నన్ను ఎగతాళి చేసేవాళ్లు, పెళ్లాన్ని ఎన్నడూ అంత పదిలంగా బస్సెక్కించలేదని.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ఇంజనీరు రెండు రోజులు నేర్పాడు. సన్నటి కాంతిని కంట్లోకి పంపుతుంది. ఆ కాంతి కంటి వెనక పొరను తాకి తిరిగి బయటికొస్తుంది. కన్ను ఏ లోపమూ లేనిదైతే ఆ కాంతి అల చదునుగా, పలకలా వస్తుంది. లోపం ఉంటే ఎక్కడో ఒక మూల ఉబ్బుతుంది, ఇంకో మూల కుంగుతుంది. మిషన్‌లో ఆ అలకు ఎదురుగా వందల చిన్న చిన్న కటకాలు ఉంటాయి. ఒక్కో కటకం ఒక్కో చుక్క వేస్తుంది. ముగ్గు చుక్కల్లాగే. చుక్కలన్నీ వరసలో పడితే కన్ను బాగున్నట్టు, ఏ చుక్క పక్కకు జరిగితే అక్కడ అల వంగినట్టు. ఎంత జరిగిందో కొలిచి కంప్యూటరు కంటి మొత్తానికి పటం గీస్తుంది.

మామూలు పరీక్షలో మనం పట్టేది పెద్ద తప్పులను. దూరం కనబడకపోవడం, దగ్గర కనబడకపోవడం, నిలువు గీతలు ఒకలా అడ్డగీతలు ఒకలా కనబడే సిలిండర్ తప్పు. వీటి పవరును కూడా పావు, పావు మెట్లలోనే కొలుస్తాం. మిషన్ వందో వంతు దాకా కొలుస్తుంది. వీటికి తోడు ఇంకా సన్న తప్పులుంటాయి. వెలుగు చుక్కకు తోక వచ్చినట్టు కనబడటం, దీపం చుట్టూ రింగు, కనుపాప పెద్దదైనప్పుడు చూపు మసకబారడం. అవన్నీ లెక్కలోకి తీసుకుని, అద్దం ఉపరితలాన్ని చుక్క చుక్కగా చెక్కే యంత్రాలు నగరంలో ఉన్నాయి. మనం కొలత పంపితే వాళ్లు అద్దం పంపుతారు. అన్నీ దిద్దుతుందా అంటే దిద్దదు. అద్దం ముక్కు మీద కదలకుండా ఉంటుంది, దాని వెనక కన్ను తిరుగుతూ ఉంటుంది, కాబట్టి ఆ తోకలన్నిటినీ అద్దంతో కత్తిరించలేం. ఈ సంగతి ఇంజనీరు చెప్పాడు. సేటు అచ్చు వేయించిన కరపత్రంలో మాత్రం లేదు.

ఇంజనీరు పోయేటప్పుడు ఇంకో మాట చెప్పాడు. కాంతికి ఎదురొచ్చే మొదటి గాజు కనుగుడ్డు కాదు, దాని మీది కన్నీటి పొర. అది చెదిరి ఉంటే మిషన్ కన్నును కాదు, ఆ చెదిరిన నీళ్లను కొలుస్తుంది. అందుకే మూడుసార్లు కొలవాలి. మూడూ కలవకపోతే తెర మీద పసుపు గుర్తు వస్తుంది. పసుపొస్తే ఆ మనిషిని ఇంటికి పంపి ఇంకో రోజు రమ్మనాలి. మూడూ కలిసినా సరే, చివర్లో పాత ఫ్రేము పెట్టి ఆ మనిషిని అడిగే తీరాలి. నేను గంగిరెద్దులా తలూపాను. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

మిషన్ దొంగది కాదు. ఇది ముందే చెప్పాలి, లేకపోతే నా తప్పు దాని మీద తోసినట్టు అవుతుంది. భూపాలపల్లిలో బొగ్గు గనిలో డంపర్ నడిపే ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఎదురొచ్చే బండి లైట్లు పగిలిన అద్దంలా చిట్లి కనబడుతున్నాయని, ఎన్ని అద్దాలు మార్చినా పోవడం లేదని అన్నాడు. స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, దవాఖానకు వచ్చినట్టు వచ్చాడు. మూడు కొలతలూ అచ్చంగా కలిశాయి. అద్దాలు వచ్చాక పెట్టుకుని రోడ్డు మీదికి పోయి నిలబడ్డాడు. తిరిగొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇగ నౌకరి ఇడిసిపెట్టాల్నేమో అనుకున్న బిడ్డా. లైటు లైటు లెక్కనే కొడ్తున్నది" అన్నాడు. ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

అట్లాంటివి నాలుగైదు జరిగాక సేటుకు ధైర్యం వచ్చింది. "మిషన్ పది సెకండ్లల్ల చెప్తది, మళ్ల నువ్వు ఇరవై నిమిషాలు గిదా గదా అని అడుగుడేంది? మిషన్ కంటె వాళ్లకు ఎక్కువ ఎరుకనా?" అన్నాడు. పాత ఫ్రేము పెట్టె అలమారా పైకెక్కింది. నేను ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు. నిజం చెప్పాలంటే నాకూ హాయిగానే అనిపించింది. కొడకండ్ల రైతు మొహమాటం లేదు, టీచరమ్మ జగడం లేదు. గడ్డం ఇక్కడ పెట్టండి, ఎర్ర దీపం చూడండి, కన్నార్పకండి, అయిపోయింది.

ఇక మా అక్క సంగతి.

మరిపెడ దగ్గర పల్లె ఆమె అత్తగారిది. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నాలుగో తరగతిలో బడి మాన్పించారు, నన్ను చూసుకోవడానికే. క్రైస్తవుల ఇంటికి కోడలైంది. అక్కడి చిన్న చర్చిలో, చాప మీద కూర్చుని, ముప్ఫై ఏళ్ల వయసులో మళ్లీ అక్షరాలు కూడబలుక్కుంది. వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం. మూడేళ్లకు గడగడా చదివే స్థితికి వచ్చింది. అప్పటినుంచి ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది మా అక్కే. పదమూడేళ్లు. పాస్టరయ్య ఊళ్లో లేకపోయినా ఆరాధన జరిగేది కానీ అక్క లేకపోతే జరిగేది కాదని నవ్వుతూ చెప్పుకునేవాళ్లు.

వారమంతా ఆమె కూలిమనిషి. ఎండాకాలం వస్తే మిర్చి కల్లంలో పని. ఆరబెట్టిన కాయల కుప్ప ముందు ఆడవాళ్లు వరసగా కూర్చుని, రంగు పోయిన తాలుకాయలను ఏరి పక్కన పడేస్తారు. సాయంత్రానికి చేతులు మండుతాయి, ముక్కు మండుతుంది, మాట మాటకీ దగ్గు. అయినా కల్లంలో కూడా అక్కకు ఒక కుర్చీలాంటిది ఉండేది. మందు చీటీలు, పిల్లల బడి కాగితాలు, బ్యాంకు వాళ్లు పంపిన ఉత్తరాలు, ఎవరికి ఏది వచ్చినా ఆమె ముందు పెట్టేవాళ్లు. "అక్కా, జర గిదేందో చూడు" అని అడిగించుకోవడం ఆమెకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఆమెకంటూ ఉన్నది ఆ చదువొక్కటే. బావ మంచివాడే, పలకడు అంతే. పిల్లలు కలగలేదు.

నలభై అయిదు దాటాక సన్న అక్షరాలు ఆనడం లేదని చెప్పింది. ఆ వయసులో ఎవరికైనా వచ్చేదే. దుకాణంలో దొరికే మామూలు అద్దం చాలు. కానీ తమ్ముడు మిషన్ వాడయ్యాడు కదా! "మామూలుది కాదక్కా, నీ కంటికే కొలిచి చేసేది పెడ్త. ఎమ్మెల్యేలు పెట్టుకునేది" అని గొప్పలు పోయాను. అంతేకాదు, కల్లంలో మిగతా ఆడవాళ్లను కూడా తీసుకురమ్మన్నాను. సేటు దగ్గర నాకు పేరు వస్తుందని.

నిరుడు మార్చిలో ఒక బుధవారం, మహబూబాబాద్ కొట్టుకు ఆటోలో దిగారు. తొమ్మిది మంది ఆడవాళ్లు. మధ్యాహ్నం దాకా కల్లంలో పనిచేసి, తిన్నగా అక్కడినుంచే వచ్చారు. కొట్టు నిండా మిర్చి ఘాటు. మా కౌంటరు అమ్మాయి మూడుసార్లు తుమ్మి బయటికి పోయింది. నేను తుమ్మలేదు. ఆ ఘాటులో పెరిగినవాణ్ణి.

అక్కను మొదట కూర్చోబెట్టాను. ఎర్ర దీపం చూడమన్నాను. కళ్లు మండుతున్నాయేమో, రెప్పలు సగం మూసుకునే చూసింది. మొదటి కొలత ఒకటి వచ్చింది, రెండోది ఇంకోటి, మూడోది మరోటి. తెర మీద పసుపు గుర్తు. మళ్లీ తీశాను. మళ్లీ పసుపే. చుక్కలు కింది వరసల్లో చెదిరి, ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఇంజనీరు చెప్పింది గుర్తులేక కాదు. వెనక ఎనిమిది మంది నిలబడి ఉన్నారు, సగం రోజు కూలి వదులుకుని వచ్చారు, ఇంకో రోజు రమ్మంటే రారు. పైగా అందరి ముందూ "మా తమ్ముడు" అని అక్క మురిసిపోతోంది. మూడింటిలో మధ్య కొలత తీసుకుని పసుపు గుర్తును పక్కకు నొక్కేశాను.

మిగతా ఎనిమిది మందికీ అంతే చేశాను.

అద్దాలు వచ్చాయి. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. అక్క పెట్టుకుని గోడ వైపు చూసింది, నేల వైపు చూసింది, నవ్వింది. "నేల జర ఎత్తుగ కొడ్తున్నది" అంది. కొత్తకొత్తగా అట్లాగే ఉంటుందన్నాను. వారం తర్వాత ఫోన్ చేసింది. అక్షరం పక్కన ఇంకో అక్షరం నీడలా కనబడుతోందని, వరస వంకరగా పోతోందని. అలవాటు కావాలన్నాను. ఇంకో వారానికి తల నొప్పి అంది. తీయకుండా పెట్టుకోమన్నాను. నాలుగోసారి చేసినప్పుడు మహబూబాబాద్ కొట్టులో రద్దీగా ఉంది, విసుక్కున్నాను. మొదట్లో చెప్పిన ఆ మాట అప్పుడే అన్నాను. దాని వెనకే ఇంకోటి కూడా అన్నాను: "మిషన్ అబద్ధం చెప్పదక్కా. మనిషి కండ్లే అబద్ధం చెప్తయి."

ఆ తర్వాత ఆమె ఫోన్ చేసి అద్దాల మాట ఎత్తలేదు. అలవాటైపోయిందనుకున్నాను. ఎంత తెలివిగలవాణ్ణో చూడండి.

వానలు పడ్డాక, కల్లాల్లో పని లేని రోజుల్లో, జనగామలో మా ఇంట్లో నాలుగు రోజులుందామని వచ్చింది. ఆదివారం వచ్చింది. నేను ఆశ్చర్యపోయాను, ఆదివారం చర్చి వదిలి ఎట్లా వచ్చావని. "ఇప్పుడు నేను చదువుతలేను గద" అంది, కూరగాయలు తరుగుతూ, ఎండలు తగ్గాయి గద అన్నంత మామూలుగా. మెల్లగా అడిగితే చెప్పింది. ఎండాకాలంలో ఒక ఆదివారం ఒక మాటకు బదులు ఇంకో మాట చదివిందట. ఆ పై ఆదివారం వరస తప్పి కింది వరసలోకి పోయిందట. ఎవరో నవ్వారట. మూడోసారి మధ్యలో ఆగిపోయి, ఎక్కడున్నదో తెలియక, పుస్తకం పట్టుకుని అట్లాగే నిలబడిందట. పాస్టరయ్య మెల్లగా వచ్చి పుస్తకం తీసుకుని, డిగ్రీ చదివే ఒక పిల్లకు ఇచ్చాడట. కల్లంలో కాగితాలు కూడా ఇప్పుడు ఎవరూ ఇవ్వడం లేదు. తనే వద్దందట, తప్పు చదివితే ఎవరికైనా నష్టమని.

"మరి అద్దాలు మంచిగ లేవని వాళ్లకు చెప్పలేదా?" అన్నాను.

"గట్లెట్ల చెప్త? తమ్ముడు చేసి ఇచ్చినయి. నీకు చెడ్డపేరు గాదా? నా మతే పోయిందని చెప్పిన" అంది.

మరునాడు సోమవారం, మిషన్ జనగామలోనే. తెల్లారగానే ఆమెను కొట్టుకు తీసుకెళ్లాను. నిజానికి నా తప్పు వెతకాలని కాదు. ఈ నాలుగు నెలల్లో ఆమె చూపు ఎంత తగ్గిందో కొలిచి చూపించి, అద్దాలు కాదు కళ్లే మారాయని నాకు నేను చెప్పుకోవాలని. మూడు కొలతలూ తీశాను. మూడూ కలిశాయి. సిలిండర్ దాదాపు లేనే లేదు. ఆమె ముక్కు మీది అద్దాల్లో మాత్రం ఒకటిన్నర దాకా ఉంది, అదీ అడ్డదిడ్డమైన కోణంలో. లేని వంకరను సరిచేయడానికి నేను వంకర అద్దం చేసి ఇచ్చాను.

వ్యాను కుదుపులకు మిషన్ చెడిందేమోనని ఆశపడ్డాను. ఇలాంటప్పుడు సరిచూసుకోవడానికి మిషన్‌తో పాటు ఒక గాజు కన్ను ఇస్తారు. అది పెట్టి చూశాను. మిషన్ నిక్షేపంగా ఉంది.

"ఆ దినం కండ్లల్ల ఏమన్న పడ్డదా అక్కా?" అని అడిగాను.

"ఏం పడ్తది? కల్లం కాడికెల్లి సీదా వచ్చినం. రోజూ లెక్కనే రెప్పలకు నూనె రాసుకున్నం, గంతే."

కల్లంలో కూర్చునే ప్రతి ఆడమనిషీ పొద్దున్నే చేతులకూ ముఖానికీ కొబ్బరినూనె పట్టిస్తుంది. కనురెప్పల అంచులకు ఇంకొంచెం ఎక్కువ, మంట ఎక్కకుండా. చెమటకు అది జారి కంట్లోకి పోతుంది, కన్నీటి పొర మీద పరుచుకుంటుంది. మా అమ్మ రాసుకునేది. అక్క రాసుకునేది. చిన్నప్పుడు సెలవుల్లో నాకూ రాసేవాళ్లు. ఆ రోజు తొమ్మిది మంది ముఖాలు నా ముందు నూనెతో మెరుస్తూ వచ్చి కూర్చున్నాయి. హైదరాబాద్ ఇంజనీరు ఉంటే వెంటనే అడిగేవాడు, ఆ మెరుపేమిటని. నాకు అది అడగాల్సిన విషయంగానే తోచలేదు. నా వాళ్ల ముఖాలు అట్లాగే ఉంటాయి కాబట్టి. నేను ఆమె కన్నును కొలవనే లేదు. నూనెను, మంటకు ఊరిన నీళ్లను, సగం మూసిన రెప్పలు కనుగుడ్డును నొక్కిన నొక్కుడును వందో వంతు దాకా కచ్చితంగా కొలిచి, అద్దంలో చెక్కించి, నాలుగు నెలలు ఆమెతో మోయించాను.

అలమారా పైనుంచి దుమ్ము పట్టిన పాత ఫ్రేము దింపి, ఆ కొలత ప్రకారం రెండు బిళ్లలు పెట్టి, కౌంటరు మీది దినపత్రిక ఆమె చేతికిచ్చాను. ఆమె పైకి చదవలేదు. ఒక వరస కింద చివరిదాకా వేలు జరిపింది. "నా మతి పోలేదా తమ్మీ?" అంది.

నేను పోలేదన్నాను. తప్పు నాదే అన్నాను. ఆమె కోప్పడుతుందని చూశాను. ఆమె అడిగింది వేరే: "మరి గా ఎనిమిది మందియి?"

సేటు దగ్గరికి పోయాను. తొమ్మిది మందికీ మళ్లీ కొలిచి అద్దాలు మార్చాలని చెప్పాను. సేటు చెడ్డవాడిలా అరవలేదు. అరిస్తే నేనూ అరిచేవాణ్ణి. చాలా శాంతంగా అన్నాడు: "ఎవలన్న వచ్చి మంచిగ కనబడ్తలేదని చెప్తే మార్చి ఇద్దాం. ఫిర్యాదు లేకుండ మనమే పోయి తప్పు జేసినమని చెప్పుకుంటమా?" న్యాయంగానే వినబడే మాట. ఫిర్యాదు ఎవరు చేస్తారు? వాళ్లకు ఆ అద్దాలు ఇచ్చేటప్పుడే చెప్పి పంపించాం కదా, మిషన్ తప్పు చెప్పదని. కళ్లు మసకగా ఉంటే తమ కళ్లనే తిట్టుకుంటారు కానీ మా కొట్టు మెట్లెక్కరు. సేటు చేతులు దులుపుకున్నాడు. నేను కూడా చాలాసార్లు అట్లాగే దులుపుకున్నాను, అందుకే ఆయన్ను పూర్తిగా అసహ్యించుకోలేకపోతున్నాను.

పాత పెట్టె సంచిలో పెట్టుకుని నేనే మరిపెడ వైపు పోయాను. రెండు మూడు సెలవురోజుల్లో ఎనిమిది మందిలో అయిదుగురు దొరికారు. ఒకామె అద్దాలు బియ్యం డబ్బాలో దాచింది. ఒకామె మనవడికి ఆడుకోవడానికి ఇచ్చింది. ఇంకొకామె పెళ్లిళ్లకు మాత్రమే పెట్టుకుంటుందట, బాగుంటాయని. చూడటానికి ఎవరూ వాడటం లేదు. కొలిచి, అడిగి, చీటీలు రాసిచ్చి, ఆ చీటీలు పట్టుకుని కొట్టుకు వచ్చి గట్టిగా ఫిర్యాదు చేయమని బతిమాలాను. ముగ్గురు వచ్చారు, వాళ్లవి మారాయి. మిగతావాళ్లు "పోనీ తియ్ బిడ్డా, మాకు గంత సదువులేమున్నయి" అన్నారు.

అక్క కొత్త అద్దాలు మాత్రం నేను దగ్గరుండి చేయించాను. ఈసారి నూనె లేదు, పసుపు గుర్తు లేదు, కొలిచాక పాత ఫ్రేము పెట్టి అడిగాను కూడా. పెట్టుకుని మా ఇంటి క్యాలెండరులోని సన్న అక్షరాలు తిథులతో సహా చదివింది. ఆ ఆదివారం ఆమెతో పాటు నేనూ చర్చికి పోయాను. ఆరాధన మొదలు కాకముందే పాస్టరయ్యను పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నొచ్చుకున్నాడు. "అయ్యో, మేమేమో వయసు మీదపడ్డదనుకున్నం. ఇయ్యాల అక్కతోనే చదివిపిద్దాం" అన్నాడు.

ఆయన అన్నంత పనీ చేశాడు. డిగ్రీ చదివే ఆ పిల్ల కూడా మంచి పిల్ల, లేచి రెండు చేతులతో పుస్తకం అందించి పక్కనే నిలబడింది. మగవాళ్ల చాప మీద నా పక్కనున్న ముసలాయన తన పుస్తకం నా వైపు జరిపి ఆ పుట తీసిపెట్టాడు. అక్క నిలబడి మొదటి వరస చదివింది. నేను వేలు పెట్టి చూస్తున్నాను. ఒక్క అక్షరం తప్పు లేదు. ఒక్క గుణింతం తప్పు లేదు. నా ఛాతీ ఉబ్బింది.

మొదటి వరస అయ్యాక ఆమె ఆగింది. పక్కకు తిరిగి, గొంతు తగ్గించి, ఆ పిల్లను అడిగింది: "గట్లనే ఉన్నదా బిడ్డా?"

"గట్లనే ఉన్నది పెద్దమ్మా."

రెండో వరస చదివింది. తప్పు లేదు. మళ్లీ పిల్ల వైపు తిరిగింది. మూడో వరస తర్వాత కూడా. వెనకనుంచి ఎవరో దగ్గారు. పాస్టరయ్య "చదువక్కా, మంచిగనే చదువుతున్నవ్" అన్నాడు. నాలుగో వరస సగంలో, పూర్తిగా సరిగ్గా చదువుతూ, ఆమె ఆగిపోయింది. పుస్తకం ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"నువ్వే చదువు బిడ్డా. నాకు కనబడేది నిజమో కాదో నాకు ఎరుకైతలేదు" అంది.

వచ్చి ఆడవాళ్ల చాప చివర కూర్చుంది. అద్దాలు తీయలేదు. దూరం నుంచి నన్ను వెతికి చూసి, అద్దాలు బాగున్నాయని చెబుతున్నట్టు తల ఊపింది. నాకు అక్కడే, అందరి మధ్యలో, ఏడుపొచ్చింది.